నిఫ్టీతో నాకేం పని?

మావయ్యది తెనాలి. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాడు. షేర్లు తనే ఎంచుకుంటాడు, తనే కొంటాడు, ఎవరి సలహా వినడు. మేనకోడలు హైదరాబాద్‌లో ఆడిటర్. ఇద్దరూ నేను కల్పించిన మనుషులే, మావయ్య సొంత లెక్కలు కూడా ఉదాహరణకి వేసినవే. సూచీల అంకెలు, కంపెనీల సంగతులు మాత్రం జరిగినవి. 2014 ఆఖరున షేర్లలో పెట్టిన 10 లక్షలు 2024 ఆఖరుకి 24 లక్షలయ్యాయని మావయ్య చెప్పడం, ఆ పిల్ల మెచ్చుకోకపోవడం ఈ వాదనకి మూలం.

మేనకోడలు: 24 లక్షలు బాగానే ఉంది మావయ్యా. కానీ 2014 డిసెంబరు 31న నిఫ్టీ సూచీ 8,282. 2024 డిసెంబరు 31న 23,644. ఏ కంపెనీ పేరూ తెలియకుండా, ఒక్క బ్యాలెన్స్ షీటూ తిరగెయ్యకుండా నిఫ్టీలో పడేసినవాడికి 10 లక్షలు 28న్నర లక్షలయ్యాయి. చక్రవడ్డీ లెక్కన మీకు ఏడాదికి 9 శాతం పైచిలుకు పడింది, వాడికి 11 శాతం.

మావయ్య: వాడెవడో నాకెందుకే? నా 10 లక్షలు 24 అయ్యాయా లేదా? పక్కింటి పిల్లాడి మార్కులు చూసొచ్చి మన పిల్లాడి వీపు మీద వెయ్యడంలా ఉంది నీ లెక్క.

మేనకోడలు: పక్కింటి పిల్లాడి మార్కులు మీరు డబ్బిచ్చి కొనుక్కోలేరు. నిఫ్టీని కొనుక్కోగలరు. 2002 జనవరి నుంచి నిఫ్టీ బీస్ అని ఒక యూనిట్ ఎక్స్ఛేంజీలో మామూలు షేరులాగే దొరుకుతోంది. ఆ తర్వాత ఇండెక్స్ ఫండ్లు బోలెడొచ్చాయి. 2014లో ఆ రోజు మీ ముందు రెండు దారులున్నాయి. మీరు పట్టుకున్న దారి, వదిలేసిన దారికన్నా 4న్నర లక్షలు తక్కువిచ్చింది. పైగా పదేళ్లు పొద్దున్నే కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా కంపెనీల ఫలితాలు చదివారు. ఆ శ్రమకి కూలి రాలేదు సరికదా, మీరే ఎదురు ఇచ్చుకున్నారు.

మావయ్య: డివిడెండ్ల మాట మర్చిపోయావు. ఏటా నా సేవింగ్స్ ఖాతాలో పడేవి. ఇంటి ఖర్చుకి వాడుకున్నాం. ఆ 24 లక్షల్లో అవి లేవు.

మేనకోడలు: మర్చిపోలేదు, రెండు వైపులా వదిలేశాను. 8,282 నుంచి 23,644 అన్నదాంట్లో కూడా డివిడెండ్లు లేవు. వచ్చిన డివిడెండును వచ్చినట్టే మళ్లీ పెట్టుబడిలో కలిపి లెక్కగట్టే సూచీ వేరే ఉంది, టోటల్ రిటర్న్ ఇండెక్స్ అంటారు. అది తీసుకుంటే వాడి 10 లక్షలు 30 లక్షలు దాటతాయి. కలిపితే రెండు వైపులా కలపాలి, తీసేస్తే రెండు వైపులా తీసెయ్యాలి. ఒకవైపే కలిపితే అది దొంగ లెక్క. మన మ్యూచువల్ ఫండ్లు ఎన్నో ఏళ్లు అదే చేశాయి. ఫండు ఎన్‌ఏవీలో (యూనిట్ విలువలో) డివిడెండ్లు కలిసే ఉండేవి, పక్కన పెట్టి చూపించే సూచీలో ఉండేవి కావు. ఏటా ఒక శాతం, ఒకటిన్నర శాతం ఊరికే గెలిచినట్టు కనపడేది. 2018 ఫిబ్రవరి నుంచి టోటల్ రిటర్న్ సూచీతోనే పోల్చి తీరాలని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఆదేశించింది, అప్పుడు గాని దారిలోకి రాలేదు.

మావయ్య: చూశావా? అదే నేననేది. ఆ చదువుకున్న మేనేజర్లే కొలకర్రని ఇలా వంచారంటే, దాన్ని పట్టుకుని నాలాంటివాణ్ణి కొలవడం దేనికి?

మేనకోడలు: కర్ర వంచినవాళ్లని తప్పుపట్టండి, కర్రని కాదు.

మావయ్య: ఆ కర్ర సంగతే చూద్దాం పద. 2007 ఆఖరున సెన్సెక్స్ 20,287. 2008 ఆఖరుకి 9,647. 52 శాతం పోయింది. ఆ ఏడు నా షేర్లు 30 శాతమే పడ్డాయనుకో. నీ లెక్కన నేను 22 శాతం గెలిచినట్టు. ఇంట్లోకెళ్లి మీ అత్తయ్యతో చెప్పనా, "ఏమే, 3 లక్షలు పోయాయి గానీ గెలిచాం, పాయసం వండు" అని?

మేనకోడలు: అత్తయ్య ఏమంటుందో నాకు తెలుసు. కానీ కథ 2008తో ఆగలేదుగా. 2009 ఆఖరుకి సెన్సెక్స్ 17,464కి వచ్చింది. 2008 ఆఖరు నుంచి 81 శాతం. సూచీలో 10 లక్షలు పెట్టినవాడికి మొదటి ఏడు 4 లక్షల 76 వేలు మిగిలాయి, రెండో ఏడు 8 లక్షల 60 వేలయ్యాయి. ఇంకా నష్టమే. మీ దగ్గర 7 లక్షలు మిగిలాయి. మీవీ అదే వేగంతో లేచి ఉంటే 12 లక్షల 67 వేలు. 30 శాతం పడ్డది మొదటికి రావాలంటే 43 శాతం పెరిగితే చాలు. 52 శాతం పడ్డదానికి 108 శాతం పెరగాలి. తక్కువ పడటం కూడా సంపాదనే. అది ఆ ఏడాది కనపడదు, తర్వాత కనపడుతుంది. వారెన్ బఫెట్ కుర్రాడిగా ఒమాహాలో భాగస్వాముల డబ్బు చూసే రోజుల్లోనే ఈ సంగతి వాళ్లకి ఉత్తరంలో రాశాడు. మార్కెట్టూ తనూ సమానంగా 20 శాతం పెరిగిన ఏడాదికన్నా, మార్కెట్టు 30 శాతం పడి తను 15 శాతమే పడ్డ ఏడాదే తనకి ఎంతో మెరుగన్నాడు.

మావయ్య: బఫెట్ ఇంకా రాలేదేమిటా అనుకుంటున్నా. ఆయనకేమమ్మా, మార్కెట్టులోంచి బయటికి రావాల్సిన అవసరం ఎప్పుడూ పడలేదు. 2009 మార్చి మొదట్లో సెన్సెక్స్ ఎనిమిది వేల చిల్లర ఉంది. ఆ నెలలోనే ఇంట్లో పెళ్లి కుదిరితే? పెళ్లివారు "మీరు సూచీకన్నా తక్కువే నష్టపోయారు కదా" అని కట్నం తగ్గిస్తారా, కేటరింగ్ వాడు ప్లేటు ధర తగ్గిస్తాడా?

మేనకోడలు: కట్నం మాట మీ నోట రాకూడదు మావయ్యా.

మావయ్య: సరే, కేటరింగ్ వాడి మాటే అనుకో. ఇంకా విను. జపానువాళ్ల నికాయ్ సూచీ 1989 డిసెంబరు 29న 38,915 దగ్గర ముగిసింది. ఆ అంకె మళ్లీ దాటింది ఎప్పుడో తెలుసా? 2024 ఫిబ్రవరి 22న. 34 ఏళ్లు! 1989లో ఆ రోజు షేర్లు కొన్న పెద్దమనిషి ఒకడు సూచీని ఏటా ఒక శాతం చొప్పున ఓడిస్తూ వచ్చాడనుకో, నీ లెక్కలో వాడు ఘనుడు. వాడి చేతికొచ్చింది డివిడెండ్లు పోను 34 ఏళ్లకి 40 శాతం. అంత దూరం ఎందుకు, మన నిఫ్టీనే చూడు. 2010 డిసెంబరు 31న 6,134. 2013 డిసెంబరు 31న 6,304. మూడేళ్లు గడిస్తే 3 శాతం కూడా లేదు. అప్పట్లో నేను కౌంటర్లో కూర్చుని జనానికి ఎనిమిదిన్నర, తొమ్మిది శాతానికి ఎఫ్‌డీలు రాసిచ్చాను. ఎంత తక్కువ వేసుకున్నా 10 లక్షలు 12 లక్షల 70 వేలయ్యాయి. ఆ మూడేళ్లు నిఫ్టీని ఓడించి 4 శాతం సంపాదించిన మొనగాడికన్నా, చదువు రాకపోయినా నా దగ్గరికొచ్చి వేలిముద్ర వేసి డిపాజిట్ చేసిన ముసలమ్మ నయం కాదూ?

మేనకోడలు: ఆ ముసలమ్మే నయం. ఒప్పుకున్నాను.

మావయ్య: ఒప్పుకున్నావా!

మేనకోడలు: ఒప్పుకోక ఏం చేస్తాను, అంకెలు మీవైపున్నాయి. అయితే మీరు రెండు ప్రశ్నల్ని ఒకే మూట కడుతున్నారు. నా డబ్బు షేర్లలో ఉండాలా, ఎఫ్‌డీలో ఉండాలా, ఎంత ఉండాలి, ఎప్పుడు కావాలి అన్నది ఒకటి. షేర్లలో పెట్టాలని నిర్ణయించాక, వాటిని నేను ఎంచుకోవాలా, సూచీని కొనేసి ఊరుకోవాలా అన్నది ఇంకొకటి. మొదటిదానికి నిఫ్టీతో పోల్చడం జవాబు చెప్పదు, చెప్పాలని చూస్తే తప్పు చెబుతుంది. మీ జపాను పెద్దమనిషి షేర్లు బాగానే ఎంచుకున్నాడు. మొత్తం డబ్బు ఒక్క దేశం షేర్లలో, అది కూడా ఆకాశంలో ఉన్న ధరల దగ్గర పెట్టడం దగ్గర దెబ్బతిన్నాడు. పెళ్లి డబ్బు కూడా అంతే. మూడు నెలల్లో కావాల్సిన సొమ్ము షేర్లలో ఉంచడమే తప్పు, ఏ షేర్లలో ఉంచారన్నది తర్వాతి మాట. కానీ రెండో ప్రశ్నకి సూచీ తప్ప వేరే జవాబు లేదు. మీరు పదేళ్లుగా చేస్తున్నది ఎంపిక. ఆ ఎంపిక పనికొచ్చిందా లేదా అన్నది ఎఫ్‌డీ చెప్పలేదు. మార్కెట్టంతా లేచినప్పుడు గడ్డిపరక కూడా లేస్తుంది. మీ 24 లక్షల్లో మార్కెట్టు లేపింది ఎంత, మీ తెలివి లేపింది ఎంత?

ఇక్కడ నా మాట ఒకటి చెప్పుకోవాలి. ఈ రెండు ప్రశ్నలనీ కలిపేసే అలవాటు మావయ్య ఒక్కడిదే కాదు. మార్కెట్టు లేచిన ఏడు "నాకు 18 శాతం వచ్చింది" అంటాం, పడ్డ ఏడు "అందరికీ పోయింది" అంటాం. లాభమొస్తే మన గొప్ప, నష్టమొస్తే మార్కెట్టు పాపం. మావయ్యకి తన వాదన ఎంత బలంగా ఉన్నా, ఆయన కోపానికి అసలు కారణం ఆ 4న్నర లక్షల అంకె అని నా అనుమానం.

మావయ్య: నా తెలివి సంగతి తర్వాత. నీ సూచీ తెలివి చూద్దాం. 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు లెక్కల్లో మోసం ఒప్పుకున్న ఉత్తరం బయటపడేదాకా సత్యం కంప్యూటర్స్ సెన్సెక్స్‌లో ఉంది, నిఫ్టీలోనూ ఉంది. మన హైదరాబాద్ కంపెనీ అని ఎంత గర్వం మనకి! ఆ ఒక్కరోజే 179 రూపాయల షేరు 40కి దిగింది. యెస్ బ్యాంకును 2015 మార్చిలో నిఫ్టీలోకి తీసుకున్నారు, 2020 మార్చిలో రిజర్వు బ్యాంకు మారటోరియం పెట్టాక తీసేశారు. ఎక్కాల్సినంత ఎక్కాక తీసుకోవడం, పడాల్సినంత పడ్డాక తోసెయ్యడం. ఇదా నాకు కొలబద్ద?

మేనకోడలు: సూచీలో ఉన్నవన్నీ మేలిమి అని ఎవరన్నారు? సత్యం పడ్డ నష్టం సూచీ మోసింది, దాచుకోలేదు. మర్నాటికల్లా సెన్సెక్స్‌లో దాని స్థానంలో సన్ ఫార్మా వచ్చింది. సూచీకి మొహమాటం లేదు మావయ్యా. మీ డీమ్యాట్‌లో 2011 నుంచి ఒక సిమెంటు షేరు ఉంది. నేను పదో తరగతిలో ఉన్నప్పటి నుంచి వింటున్నాను, "కొన్న ధరకొస్తే అమ్మేస్తా" అని. ఆ కొన్న ధర గుర్తున్నది మీకొక్కరికే, మార్కెట్టుకి కాదు. సూచీని నడిపే నిబంధన ఆర్నెల్లకోసారి జాబితా సరిచూస్తుంది, కంపెనీ చిన్నదైపోతే తీసేస్తుంది, అంతే. బుర్ర లేని ఆ పద్ధతిని మీరు, అంత బుర్ర ఉండి కూడా, పదేళ్లలో దాటలేకపోయారంటే ఆ బుర్ర లేనితనంలో ఏదో ఉంది. అమెరికాలోనూ ఇదే జరిగింది. 2008 నుంచి 2017 దాకా పదేళ్ల పందెంలో బఫెట్ మామూలు ఎస్ అండ్ పి 500 ఇండెక్స్ ఫండు ఒకటి ఎంచుకున్నాడు. అవతలివాళ్లు హెడ్జ్ ఫండ్ల మీద పెట్టుబడి పెట్టే ఐదు ఫండ్లు ఎంచుకున్నారు. ఇండెక్స్ ఫండు 125 శాతం పైగా పెరిగింది. ఆ ఐదింట్లో అన్నిటికన్నా బాగా చేసింది 88 శాతం దగ్గర ఆగింది.

మావయ్య: నిఫ్టీలో మూడోవంతు పైగా బ్యాంకులూ ఫైనాన్స్ కంపెనీలే. నా దగ్గర బ్యాంకు షేరు ఒక్కటీ లేదు. ముప్పై ఏళ్లు లోపల నుంచి చూశాను కాబట్టే కొనను. నా దగ్గరున్నవి చిన్న మందుల కంపెనీలు, సిమెంట్లు, ఒకటో రెండో పంపుసెట్లవాళ్లు. నా సంచికి నిఫ్టీతో పోలికేమిటి?

మేనకోడలు: ఇది మంచి ప్రశ్న. ఇప్పటిదాకా అడిగినవాటిల్లో ఇదే మంచిది. 2017 గుర్తుందా? ఆ ఏడాది మీకు 40 శాతం లాభమొచ్చింది. దసరాకి ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెప్పారు, నిఫ్టీకన్నా ఎంతో ఎక్కువొస్తోందని. నిజమే, ఆ ఏడు నిఫ్టీ 28 శాతం పైచిలుకు పెరిగింది. కానీ మీవన్నీ చిన్న కంపెనీలు. నిఫ్టీ స్మాల్‌క్యాప్ 100 సూచీ ఆ ఏడు సుమారు 57 శాతం పెరిగింది. అంటే చిన్న కంపెనీలన్నీ ఎగిరిన ఏడు మీవి తక్కువ ఎగిరాయి. 2018లో మీకు 20 శాతం పోయింది. మూతి ముడుచుకుని కూర్చున్నారు. నిఫ్టీ 3 శాతం పెరిగిందన్న అవమానం ఒకటి. ఆ ఏడు స్మాల్‌క్యాప్ సూచీ 29 శాతం పడింది. మీరు గెలిచానన్న ఏడు ఓడారు, ఓడానన్న ఏడు గెలిచారు.

మావయ్య: ఆగు. రెండేళ్లూ కలిపితే?

మేనకోడలు: వేద్దాం. మీ 10 లక్షలు 14 అయ్యి, అందులో 20 శాతం పోయి 11 లక్షల 20 వేలు. స్మాల్‌క్యాప్ సూచీలో 15 లక్షల 70 వేలై, 29 శాతం పోయి 11 లక్షల 15 వేలు. ఇంచుమించు మీరూ అదీ ఒక్కటే. నిఫ్టీలో ఊరుకున్నవాడికి 13 లక్షలు దాటాయి.

మావయ్య: అంటే నా ఎంపికలో తప్పేమీ లేదన్నమాట!

మేనకోడలు: తప్పు లేదు, ఒప్పు కూడా పెద్దగా లేదు. ఆ రెండేళ్లు మిమ్మల్ని నిఫ్టీకన్నా వెనక పడేసింది చిన్న కంపెనీల గుంపులోకి వెళ్లాలన్న నిర్ణయం. ఏ చిన్న కంపెనీ అన్నది కాదు. ఇది తెలియాలంటే ఒక్క కొలత చాలదు. స్మాల్‌క్యాప్ సూచీతో చూస్తే ఎంపిక తెలుస్తుంది, నిఫ్టీతో చూస్తే ఆ గుంపులోకి వెళ్లినందుకు ఏం గిట్టిందో తెలుస్తుంది. మార్కెట్ విలువలో మొదటి 100 కంపెనీలు పెద్దవి, 101 నుంచి 250 దాకా మధ్యరకం, 251 నుంచి చిన్నవి అని 2017లో సెబీ ఫండ్లకి గీత గీసింది. మీ జాబితా తీసుకుని ఆ గీతల పక్కన పెట్టి చూసుకోండి, మీ కొలకర్ర ఏదో మీకే తెలుస్తుంది.

మావయ్య: తెలిశాక నాకు అచ్చొచ్చిన కర్ర తెచ్చుకుంటా. ఏ ఏడు ఏది తక్కువ పెరిగితే దాంతో పోల్చుకుంటా. ఎవడాపుతాడు?

మేనకోడలు: ఎవరూ ఆపరు. అందుకే కొనకముందే రాసిపెట్టుకోవాలి. మార్చి 31న ఫలితం చూశాక సూచీని ఎంచుకుంటే అది మనల్ని మనం మోసం చేసుకోవడమే.

మావయ్య: ఇంకో చిక్కుంది. నువ్వు వేసిన లెక్క 2014లో ఒకేసారి 10 లక్షలు పెట్టి, ముట్టుకోకుండా ఉంచినవాడిది. ఆ 10 లక్షలు అలాగే ఉంచాను గానీ, నా మిగతా డబ్బంతా అలా పెట్టలేదు. ఒక నెల 20 వేలు, బోనస్ వచ్చిన నెల లక్ష. ఇంటికి పైఅంతస్తు వేసినప్పుడు 3 లక్షలు బయటికి తీశాను. దానికి నిఫ్టీ ఎంత పెరిగిందో చూసి పోల్చడమెలా?

మేనకోడలు: పక్కన ఇంకో ఖాతా నడిపినట్టు ఊహించుకోవాలి. మీరు ఫలానా తేదీన 20 వేలు పెట్టి షేరు కొంటే, అదే తేదీన అదే 20 వేలకి ఇండెక్స్ ఫండు యూనిట్లు కొన్నట్టు పుస్తకంలో రాయండి. ఆ రోజు ఎన్‌ఏవీ ఎంతో ఫండ్లవాళ్లు రోజూ ప్రకటిస్తారు, పాతవి కూడా దొరుకుతాయి. మీరు 3 లక్షలు తీసిన రోజు, ఆ ఖాతాలోంచి కూడా 3 లక్షలు తీసినట్టు రాయండి. డివిడెండ్ మీ చేతికొచ్చిన రోజు కూడా అంతే, అంత సొమ్ము అటు వైపు నుంచీ తీసెయ్యండి. సూచీతో కాకుండా ఇండెక్స్ ఫండుతో పోలుస్తున్నాం కాబట్టి ఫండు ఖర్చు కూడా దాంట్లోనే ఉంటుంది. గ్రోత్ ప్లానైతే డివిడెండ్లు కలిసే ఉంటాయి. ఈరోజు రెండు ఖాతాల్లో ఎంతెంత మిగిలిందో చూడండి. శాతాలతో పని లేదు, రూపాయల్లో తెలిసిపోతుంది.

మావయ్య: లెడ్జరు రాయడం నాకు చేతకాదనా? రాస్తా.

మేనకోడలు: రాస్తారు గానీ రెండు వదిలేస్తారని నా భయం. ఒకటి, నష్టానికి అమ్మేసిన షేర్లు. ఇప్పుడు డీమ్యాట్‌లో ఉన్నవాటిని చూసి పోల్చుకుంటే అందరూ బఫెట్లే, ఎందుకంటే చచ్చినవి అక్కడ కనపడవు. రెండోది, "మార్కెట్టు పడితే కొందాం" అని బ్రోకర్ ఖాతాలో ఊరికే పడున్న డబ్బు. అది కూడా మీ నిర్ణయమే, దాన్నీ కలపాలి. ఇంక పన్ను. మీరు ఏడాదిలోపు అమ్మితే 2024 జులై 23 నుంచి లాభం మీద 20 శాతం. ఏడాది దాటాక అమ్మితే ఏటా లక్షా పాతిక వేల లాభం దాకా లేదు, ఆపైన 12న్నర శాతం. మీరు మార్చి మార్చి కొన్న ప్రతిసారీ కొంత కరుగుతుంది. ఇండెక్స్ ఫండువాడు అమ్మేదాకా కట్టడు.

మావయ్య: అంతా రాశాక ఒక ఏడాది నేను వెనకబడితే నువ్వు ఫోన్ చేసి దెప్పుతావు. 1999లో బఫెట్‌ని ఏమన్నారో నాకు తెలుసు. ఆ ఏడు ఎస్ అండ్ పి 500 డివిడెండ్లతో కలిపి 21 శాతం పెరిగితే, ఆయన కంపెనీ బెర్క్‌షైర్ పుస్తక విలువ అర శాతం పెరిగింది. ముసలాడికి కంప్యూటర్లు అర్థం కావన్నారు. మరుసటి ఏడు సూచీ 9 శాతం పడింది, ఆయనది 6న్నర శాతం పెరిగింది. జూలియన్ రాబర్ట్‌సన్ అని ఒకాయన ఉండేవాడు, టైగర్ ఫండ్లు నడిపేవాడు. టెక్నాలజీ షేర్లు కొనను పొమ్మని భీష్మించుకుని, మదుపరులు డబ్బు లాక్కుంటుంటే 2000 మార్చి ఆఖరున దుకాణం మూసేస్తున్నానన్నాడు. నాస్‌డాక్ అదే నెల 10న శిఖరమెక్కి దిగడం మొదలుపెట్టింది. ఆయన చెప్పిందే నిజమైంది, కానీ ఆయన దుకాణం లేదు. ఇదీ మీ పోలిక చేసే ఉపకారం. రోజూ పక్కన సూచీని పెట్టుకుని చూసే మేనేజరు చివరికి సూచీలో ఉన్నవే కొంటాడు. తప్పు చేస్తే అందరితో కలిసి చేశానని చెప్పుకోవచ్చు కదా. దానికి జనం దగ్గర ఫీజు తీసుకుంటాడు.

ఈ ఒక్క చోట మావయ్య మాటకి ఆ పిల్ల కాసేపు జవాబివ్వలేదు. నేనూ ఇవ్వలేను. మూడు నెలలకోసారి సూచీతో తూచడం మొదలుపెడితే, కొలత మనిషిని మార్చేస్తుంది.

మేనకోడలు: అందుకే ఏడాదికోసారి చూడండి, తీర్పు మాత్రం ఐదేళ్లకి గాని చెప్పకండి. బఫెట్ కూడా తన భాగస్వాములని కనీసం మూడేళ్లు చూడకుండా తీర్పు చెప్పొద్దనే అడిగాడు. ఒక ఏడాది గెలుపోటముల్లో అదృష్టం పాలెంతో ఎవరూ విడదీసి చెప్పలేరు. కానీ మావయ్యా, మీరు చెప్పినవాళ్లు మధ్యలో ఓడి చివరికి నిజమైనవాళ్లు. మధ్యలోనూ చివర్లోనూ ఓడినవాళ్లు కూడా అదే మాట అంటారు, "ఇంకాస్త ఆగండి" అని. మీవి పదేళ్లయ్యాయి.

మావయ్య: పదేళ్లయ్యాయి, నిజమే. సరే, రాస్తా. కానీ నీ పుస్తకంలో రెండు గళ్లు కాదు, మూడు పెడతా. నాదొకటి, ఇండెక్స్ ఫండుదొకటి, మూడోది ఎఫ్‌డీ.

మేనకోడలు: ఎఫ్‌డీ గడిలో వడ్డీ మీద కట్టిన పన్ను తీసి రాయాలి మరి.

మావయ్య: తీసే రాస్తానే! బ్యాంకువాడికి చెప్పాలా? నేను మొదటి గడిలో ఎంత గెలిచినా, మూడో గడి పైనుంటే నాకు పాయసం అక్కర్లేదు. మూడో గడిని దాటి రెండో గడి కింద ఉంటే, నా ఎంపిక దండగని ఒప్పుకుంటా. ఇప్పుడున్న షేర్లు అమ్మను. కొత్తగా పెట్టేది మాత్రం ఇండెక్స్ ఫండులో పెడతా, 2030 మార్చి దాకా. ఆ సిమెంటు షేరు జోలికి రాకు.

మేనకోడలు: దాన్ని కూడా మొదటి గడిలో, కొన్న తేదీతో సహా రాస్తేనే.

మావయ్య రాస్తాడో లేదో గానీ, ఈ లెక్కకి మావయ్యే కానక్కర్లేదు. ఐదేళ్లకు పైగా సొంతంగా షేర్లు కొంటున్న పాఠకులెవరైనా బ్రోకర్ దగ్గర మొదటి రోజు నుంచి లావాదేవీల జాబితా అడిగి తెప్పించుకోవచ్చు. అది ముందు పెట్టుకుని మావయ్య మూడు గళ్ల పుస్తకం ఒకసారి రాసి చూడండి. నష్టానికి అమ్మినవి మొదట రాయండి, మిగతావి తర్వాత. మొదటి గడి చివర ఉంటే ఏ షేరు అమ్మాలా అని కాదు, ఇకపై మీరు షేర్లు ఎంచుకోవడం మానాలా అని ఆలోచించండి.